దొరబిడ్డ సమాధిలో చిలక ముక్కు

శుక్రవారం తెల్లారి ఐదున్నరకు రాజంపేట బస్టాండులో నిలబడి ఉండగానే నాకు కోపం మొదలైంది. మళ్ళీ ఇంటికొచ్చి చెప్పులు విడిచేదాకా దిగలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా దిగలేదు. కాబట్టి చల్లటి మాటల కోసం చదివేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ఆ దారిన పోవాలనుకునేవాళ్ళకు మాత్రం బస్సులు, రైళ్ళు, తిండి సంగతులు ఉన్నవి ఉన్నట్టు చెప్తాను.

ముందు ఎందుకు బయల్దేరానో చెప్పాలి. నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను. నా దగ్గర చదువుకున్న కరుణ ఇప్పుడు కోడుమూరు దగ్గర తన సొంత పల్లెలోనే బడి టీచరు. ఆదివారం సాయంత్రం వాట్సాప్‌లో కొన్ని ఫొటోలు పంపింది. వాళ్ళ ఊరి చర్చి చాలా పాతది. పక్కనున్న గది పడగొడుతుంటే గోడగూట్లో ఒక చెక్కపెట్టె దొరికిందట. లోపల దూదిలో చుట్టిన ఎముకలు. పొడుగువి రెండు, సన్నవి కొన్ని. ఇంకొకటి లోపల గుంటగా, కొన సూదిగా వంగి ఉంది. పెట్టె మూత లోపల ఒక దీవి పేరు, దాని పక్కన 'గుహ' అనే మాట ఇంగ్లీషులో మసగ్గా ఉన్నాయి. కింద కరుణ రాసింది: "ఇవేంటి మేడమ్?"

పొయ్యి మీద పోపు మాడిపోయింది, నేను చూసుకోలేదు. అది చిలక ముక్కు. మన జామచెట్టు మీద వాలే చిలకది కాదు, దాని ముక్కు వేలి కొసంత ఉంటుంది. ఇదేమో కరుణ పక్కన పెట్టిన నిమ్మకాయకు సమానంగా ఉంది.

మారిషస్ వైపు సముద్రంలో చిన్న చిన్న దీవులున్నాయి. ఒకప్పుడు వాటిలో పెద్ద పెద్ద చిలకలు ఉండేవి. మనిషిని చూస్తే ఎగిరిపోవాలని వాటికి తెలియదు, ఎందుకంటే అంతకుముందు మనిషిని చూడలేదు. ఓడలవాళ్ళు దిగారు, కొట్టి కాల్చుకు తిన్నారు, అడవులు నరికారు. ఓడల్లోంచి దిగిన ఎలుకలు గుడ్లు తిన్నాయి. ఇప్పుడు ఒక్కటి లేదు, ఒక్క ఈక కూడా లేదు. కొన్ని జాతులైతే గుహల్లో, బురదలో ఎముకలు దొరికాయి కాబట్టి ఉండేవని తెలిసింది. ఆ ఎముకలు కూడా ప్రపంచం మొత్తానికి పిడికెడు. అందులో కొన్ని కోడుమూరు పల్లెలో చర్చి గోడలో ఎలా పడ్డాయంటే, నా ఊహ ఇది. చర్చి కట్టించిన దొర ఓడలో వచ్చాడు. రాళ్ళు, పురుగులు, ఎముకలు పోగుచేసే పిచ్చి ఆ కాలం దొరలకు బాగా ఉండేది.

"ముట్టుకోవద్దు, ఎవరినీ ముట్టనివ్వొద్దు, శుక్రవారం వస్తున్నా" అని రాశాను. ఫొటో చూసి ఖాయంగా చెప్పలేను, చేత్తో పట్టుకుని కొలవాలి. మా ఇంటాయనకు టైర్ల షాపు. "చచ్చిన చిలక కోసం కర్నూలు దాకానా?" అన్నాడు. నేను సంచి సర్దుకోవడం మొదలుపెట్టాను.

కడప బస్సు ఆరుకు గానీ రాలేదు. ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్ళకు టికెట్ ఉచితం, ఆధార్ కార్డు చేతిలో పెట్టుకోండి. కండక్టరు సున్నా టికెట్ ఇస్తూ మనకేదో తన ఇల్లు రాసిచ్చినట్టు చూస్తాడు, పట్టించుకోవద్దు. కడపలో ఏడున్నరకు దిగి కారం దోసె తిన్నాను. ఎనిమిదింటికి కర్నూలు బస్సు. మైదుకూరు దాటాక నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు, అల్లుడికి గొర్రెలు బేరం చేయడానికి పోతున్నాడు.

"సంచిలో ఏముండాదమ్మా, అట్ల ఒళ్ళో పెట్టుకుంటివి?" అన్నాడు.

"దూది, డబ్బాలు, కొలిచే సామాను."

"కంసాలి పనా?"

కాదు, ఎముకలు కొలుస్తానన్నాను. ఆయన మెల్లగా లేచి వెనక సీట్లోకి పోయాడు. నంద్యాలలో భోజనానికి ఆపారు. బస్టాండు ఎదురుగా ఉన్న మెస్సులో అన్నం వేడిగానే ఉంది, పప్పు నీళ్ళు. ఎండ నెత్తి మీద దంచుతోంది. కర్నూలు చేరేసరికి రెండు దాటింది. కోడుమూరు బస్సులో నిలబడ్డానికి కూడా చోటు లేదు, కందుల మూటకు ఆనుకుని పోయాను. కోడుమూరులో షేర్ ఆటో ఎక్కితే పల్లె స్టాపులో దిగేసరికి ఐదు కావస్తోంది. ఇరుపక్కలా కోసేసిన జొన్నచేలు.

స్టాపులో కరుణ నిలబడి ఉంది. నా సంచి అందుకోలేదు, నా మొహం చూడలేదు.

"పూడ్చేసినారు మేడమ్," అంది.

"ఏం పూడ్చారు?"

"ఎముకల్ని. బుధవారం. నేను బడికి పోయింటి. చెప్తే మీరు రారేమోనని ఫోన్లో చెప్పలే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కరుణను అక్కడే, ఆటోవాడి ముందే, నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం అది ఏడుస్తూనే నడుస్తూ మొత్తం చెప్పింది.

ఆ ఊరికి ఒక పాత కథ ఉంది. చర్చి కట్టించిన దొరకు ఒక బిడ్డ పుట్టి, జ్వరమొచ్చి, ఇక్కడే పోయింది. ఆ బిడ్డను సాకిన ఆయా ఎస్తేరమ్మ అదే ఊరి మనిషి. దొర, దొరసాని కూడా జ్వరంతో పడి ఉంటే ఆమే పూడ్చి వచ్చింది. తర్వాత వాన పెద్దదై కాలువ పొంగి ఆనవాళ్ళు పోయాయి. దొరసాని లేచి అడిగితే ఎస్తేరమ్మ చోటు చూపలేకపోయింది. దొర వెళ్ళిపోయాడు. ఎస్తేరమ్మ ఇంటికి మాత్రం 'బిడ్డను పోగొట్టినోళ్ళు' అనే పేరు మిగిలింది. పెళ్ళిళ్ళలో, కొట్లాటల్లో, బోరింగు కాడ కూడా అదే మాట. ఆమె మనవరాలు మార్తమ్మకు ఇప్పుడు ఎనభై ఏళ్ళు. ఏటా సమాధుల పండగ నాడు ఊరంతా తమ వాళ్ళ సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగిస్తే, ఈమె ఇంకొకటి ఎక్కువ తీసుకుపోయి, చోటు తెలియని ఆ బిడ్డ కోసం ఉత్త నేల మీద వెలిగిస్తుంది.

అలాంటి ఊళ్ళో చర్చి గోడలో చిన్న ఎముకల పెట్టె దొరికింది. ఇంకేముంది, దొరబిడ్డ అన్నారు; తర్వాత దొరకే ఎముకలు దొరికితే తీసి గోడలో దాచుకుని ఉంటాడన్నారు.

"ముక్కు ఉంది కదే, ముక్కు! బిడ్డకు చిలక ముక్కు ఉంటుందా?"

"దాన్ని ఉగ్గుగిన్నె అన్నారు మేడమ్," అంది కరుణ.

నేను నడిరోడ్డు మీద ఆగిపోయాను. ఉగ్గుగిన్నె. పసిపిల్లలకు పాలు, మందు పట్టే గిన్నె, ఒక పక్క సూదిగా వంగి ఉంటుంది కదా. కొమ్ముతో చేసిన ఉగ్గుగిన్నెను బిడ్డతో పాటే పెట్టారని తీర్మానించారు. ఆ ఫొటో మళ్ళీ తీసి చూశాను. ఒప్పుకోవడానికి మనసు రాలేదు గానీ, అచ్చం అలాగే ఉంది.

సంఘపెద్ద దేవదానం ఇంటికి తిన్నగా పోయాను. కాఫీ ఇచ్చారు, తాగలేదు. ఫోన్లో ఆ దీవి చిలకల ఎముకల బొమ్మలు చూపించాను, పక్కనే కరుణ పంపిన ఫొటో పెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఆయనకు అర్థమైంది. అర్థమైందని నాకూ తెలిసింది. అయినా ఫోను నా చేతికిచ్చేసి, "మీరు చిలక అంటిరి. రేపు ఇంగొకరొచ్చి కోడి అంటారు," అన్నాడు.

"మూత లోపల దీవి పేరు ఉంది కదండీ."

"దొర ఓడలో వచ్చిన దావ రాసుకున్యాడు."

"తవ్వి ఒక్కసారి చూపించండి. మళ్ళీ మీరే పూడ్చుకోండి."

"ప్రార్థన చేసి మన్ను పోసినాం మేడమ్. మీ దర్గాలో మేమొచ్చి తవ్వుతామంటే మీరు ఊరుకుంటారా?"

మేం ముస్లింలమని కరుణ చెప్పి ఉంటుంది. మా దర్గాలో ఎవరైనా గునపం పెడితే నేను ఆయనకంటే గట్టిగా అరిచేదాన్ని. అప్పుడు ఆయన అసలు సంగతి కక్కాడు. ఆదివారం పట్నం నుంచి పెద్ద అతిథి వస్తున్నాడు, సమాధి రాయి మీద ముసుగు తీస్తాడు. పిలుపులు వెళ్ళాయి, బిర్యానీకి చెప్పారు. బేతంచెర్లలో రాయి చెక్కుతున్నారు. ఇంత జరిగాక అది చిలక కావడానికి వీల్లేదు.

"మీ బిర్యానీ కోసం ప్రపంచంలో మళ్ళీ దొరకని ఎముకల్ని మట్టిపాలు చేస్తారా? అది చిలక! మీరు చిలకకు శవపెట్టె చేసి పాటలు పాడారు!" అని అరిచాను.

వాకిట్లో ఎవరో కదిలారు. తెల్లచీర కట్టుకున్న ముసలామె, చేతిలో కర్ర. నేను వచ్చానని విని చూడ్డానికి వచ్చిందట. కరుణ నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఆమె మార్తమ్మ. నా అరుపు విని తిరిగి వెళ్ళిపోయింది.

దేవదానం గొంతు తగ్గించి, "చూస్తిరా. ఇన్నాళ్ళకు ఆ ఇంటోళ్ళు తలెత్తుకున్యారు. మా నోళ్ళకు గూడా బుద్ధొచ్చె. ఇప్పుడు మీరొచ్చి మల్ల బిడ్డ యాడబాయ అని అడిగిపిస్తాండారు," అన్నాడు.

"అడిగేది మీరే కదా," అన్నాను. "అడగడం మానేస్తే సరిపోదా? దానికి చిలకను బిడ్డను చేయాలా?"

ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. ఆ ఊళ్ళో లాడ్జీ లేదు, కోడుమూరులో ఉన్నవాటి సంగతి నాకు తెలియదు. కరుణ ఇంట్లో పడుకున్నాను. కొర్రన్నం, గోంగూర పెట్టింది. చాలా బాగుంది, కానీ ఆ మాట దానికి చెప్పలేదు.

పొద్దున్నే కరుణను తీసుకుని సమాధుల దొడ్డికి పోయాను. వెనక మూల కొత్తగా సిమెంటు పూసిన చిన్న గద్దె. దాని పక్కన ఉత్త మట్టిదిబ్బ, రాయి లేదు, పేరు లేదు. మార్తమ్మ మాకంటే ముందే వచ్చి ఆ మట్టిదిబ్బ మీద కూర్చుని ఉంది.

"ఇది మా అవ్వ," అంది, దిబ్బను తడుతూ. "ఈ మూల మా ఇంటిది. బిడ్డను మా అవ్వ పక్కనే పెట్టమని నేనే అడిగితి. నా చీరె చింపి చుట్టిచ్చినా."

నేను ఫోను తీశాను. ఆమె వద్దంది. "నేను చేత్తో పట్టుకోని చూసినా గదమ్మా. దాని అంచు బిడ్డ నోటికి పెట్టేటట్ల లేదు, కోసుకుపోతాది. అప్పుడే అనుకుంటి. కానీ నాకు బిడ్డే కావాలనుండె." కర్రతో గద్దెను చూపిస్తూ అడిగింది. "నిజంగా చిలకేనా?"

"చిలకే పెద్దమ్మా. నా చదువు మీద ఒట్టు."

"అట్లాంటివి ఇంగ ఎన్ని ఉండాయి?"

"ఒక్కటి కూడా లేదు."

"ఏమైనాయి?"

చెప్పాను. ఓడలు, కర్రలు, నిప్పు, ఎలుకలు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ విన్నది. కరుణ కూడా అప్పుడే మొదటిసారి విన్నట్టు విన్నది. చివర్న మార్తమ్మ కర్ర ఆనుకుని లేచింది.

"బేతంచెర్లకు పోదాం పా. ముందు రాయి ఆపల్ల. ఎముకలు యాడికీ పోవు."

కోడుమూరు నుంచి డోన్‌కు బస్సులు తక్కువ. తొమ్మిదిదాకా నిలబడ్డాం, ఆ బస్టాండులో ఆడవాళ్ళకు పనికొచ్చే మరుగుదొడ్డి లేదు. ఎనభై ఏళ్ళ మనిషి ముళ్ళకంప వెనక్కి పోవాల్సొచ్చింది, రాయకపోతే నా కోపం చల్లారదు కాబట్టి రాస్తున్నాను. డోన్‌లో నంద్యాల వైపు ప్యాసింజర్ పన్నెండుకు, ఆలస్యంగా వచ్చింది. కూర్చోడానికి చోటు దొరికింది. బేతంచెర్ల దగ్గర పడుతుంటే కిటికీ బయట అంతా తెల్ల దుమ్ము, చెట్ల ఆకులు కూడా తెల్లవే. లారీల మీద బండలు నిలువుగా పేర్చి ఉంటాయి.

ఎదురు సీటాయన మార్తమ్మను, "యాడికమ్మా, ఇంటికి బండలేపిస్తాండావా?" అని అడిగాడు.

"లే నాయనా, సమాధికి."

"ఎవురు పాయ?"

"ఎవురూ పోలే. అందరూ ముందే పాయిండారు," అంది ఆమె.

స్టేషన్ నుంచి ఆటోలో పాలిష్ ఫ్యాక్టరీకి పోయాం. మిషన్ల చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినపడదు. నీళ్ళు, తెల్ల బురద. చెక్కే ఆయన పేరు మౌలాలి. రాయి నున్నగా సిద్ధంగా ఉంది. పైన శిలువ చెక్కేశాడు. దాని కింద 'దొరగారి ప్రియ శిశువు' అని పెన్సిలుతో గీసి, ఉలి పెట్టబోతున్నాడు.

"ఆపప్పా," అంది మార్తమ్మ.

మౌలాలి ఆపి, దేవదానానికి ఫోన్ కలిపి ఆమె చేతికిచ్చాడు. స్పీకరు పెట్టాడు, మిషన్ ఆపించాడు. దేవదానం అరుపులు అందరికీ వినపడ్డాయి. ఊరి పరువు, అతిథి, బిర్యానీ. ఆఖర్న తగ్గి, "నీకోసమే చెప్తాండా పిన్నమ్మా. రేపు మల్ల బిడ్డ యాడబాయ అంటే ఏం చెప్తావు?" అన్నాడు.

మార్తమ్మ ఫోను రెండు చేతులతో పట్టుకుంది. గొంతు పెంచలేదు.

"జ్వరమొచ్చి చచ్చిన బిడ్డ కోసం మా అవ్వను నూరేండ్లు అడిగితిరి. మా అమ్మను అడిగితిరి, నన్ను అడిగితిరి. ఆడ ఓడలోళ్ళు దిగి ఒక జాతిని జాతినే తినిపోయినారంట. వాళ్ళను ఒక్కరన్నా అడిగినారా అప్పా? నన్ను అడుగు, ఏం కాదు. నాకు అలవాటే."

అవతల ఫోను పెట్టేశారు. ఆమె చీర కొంగుతో రాయి మీది పెన్సిలు గీతలు తుడిచింది.

"ఈడ 'ఎస్తేరమ్మ' అని చెక్కు. కింద 'ఆయా' అని చెక్కు. ఆమెకూ రాయి లేదు," అంది.

మౌలాలి ఆ రెండు మాటలు మా ముందే చెక్కాడు. నేను పక్కన బండల మీద కూర్చున్నాను. కోపం ఎంత ఉందంటే ఏడుపు రాలేదు. నిన్నటిదాకా నాకు ఆ పల్లె మీద, కరుణ మీద, దేవదానం మీద కోపం. ఇన్నేళ్ళు క్లాసులో 'ఈ జాతి అంతరించినది' అని చెప్తూ వచ్చాను. ఏదో దానంతటది దీపం కొండెక్కినట్టు. ఎవరు పోగొట్టారని ఒక్క పిల్లా నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇక్కడ మాత్రం ఒక పనిమనిషి వానలో కొట్టుకుపోయిన గోతిని చూపలేకపోయిందని, ఆమె మనవరాళ్ళ దాకా వదల్లేదు.

నాలుగున్నరకు నంద్యాల బండి. రాయిని ఆటోలో వేయించి కరుణ, మార్తమ్మ ఊరి దారి పట్టే ముందు నన్ను ఎక్కించడానికి ప్లాట్‌ఫారం దాకా వచ్చారు. సోమవారం తనే దగ్గరుండి ఆ గద్దె తీయిస్తానని, ఆ చోటు తమ ఇంటిది కాబట్టి ఎవరూ అడ్డం రాలేరని మార్తమ్మ చెప్పింది. బండి కదిలేటప్పుడు కిటికీ ఊచ పట్టుకుని ఒకటే అడిగింది. "మీ కాలేజీలో పెడ్తారు గదా, దాని ముందర పోగొట్టినోళ్ళెవురో రాయమ్మా. మాకైతే ఊరంతా చెప్తానే ఉండె. వాళ్ళకు రాయకపోతే తెలీదు."

నంద్యాలలో దిగి ఎర్రగుంట్ల బండి పట్టుకోండి, అక్కడ రాజంపేట వైపు రైలు రాత్రి దొరుకుతుంది. ఎర్రగుంట్ల స్టేషన్‌లో టీ తాగొద్దు. తర్వాత సంగతి కూడా చెప్పేస్తాను. ఆదివారం అతిథి వచ్చి ఎస్తేరమ్మ రాయి మీద ముసుగు తీసి, ప్రార్థన చేసి, బిర్యానీ తిని వెళ్ళాడట. ఆయనకు ఏ తేడా తెలియలేదు. దేవదానం బిర్యానీ తినలేదట. మరుసటి వారం కరుణ ఎముకలు తెచ్చింది, మార్తమ్మ తెల్లచీర ముక్కలోనే. చెమ్మకు సన్న ఎముక ఒకటి విరిగింది. ముక్కు బాగానే ఉంది. కొలిచాను, చిలకే. ఏ దీవిదో, ఏ జాతో తేల్చడానికి నాకంటే తెలిసినవాళ్ళకు రాశాను. జవాబు ఇంకా రాలేదు.

దాని ముందు పెట్టాల్సిన చీటీని మాత్రం ఆ రోజు రైల్లోనే, ఎర్రగుంట్ల చేరేలోపు రాసేశాను. మా ప్రిన్సిపాల్ ఇలా రాయకూడదన్నారు. నేను చీటీ తీయలేదు.

"దీవి చిలక ముక్కు. దీన్ని పోగొట్టింది ఓడల్లో వచ్చిన దొరలు. దీనికోసం ఏడ్చింది ఎస్తేరమ్మ మనవరాలు మార్తమ్మ."